ఎర్మెక్ ఏడవని వేసవి

ఆ ఏడు కాలేజీ పరీక్షలు ముగించుకుని నేను కొండ మీది పచ్చికకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గుర్రప్పిల్లల్ని వరసగా కట్టేసే తాడు దగ్గర నాలుగేళ్ళ నా కొడుకు ఎర్మెక్ ఆడుకుంటున్నాడు. నన్ను చూసి, గుడారం వైపు తిరిగి కేకేశాడు.

"అమ్మా, వదినొచ్చింది. సంచీ కూడా తెచ్చింది."

అమ్మ అంటే మా అత్తయ్య. వదిన అంటే నేను.

మాలో తొలి బిడ్డ తాతా నాయనమ్మలది. ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. నలభయ్యో రోజు నీళ్ళు పోశాక ఉయ్యాల ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళిపోతుంది, అంతే. వాడికి మాటలొచ్చేసరికి వాళ్ళు అమ్మా నాన్నా అయ్యారు, మేం అన్నా వదినా అయ్యాం. మా ఆయన మక్సాత్ కూడా అలా పెరిగినవాడే. నేనెప్పుడైనా ఆ ఊసెత్తితే "నాకేం తక్కువైంది?" అనేవాడు. ఆ వేసవికి అతను రష్యాలో ఎక్కడో మేడలు కట్టే పనిలో ఉన్నాడు.

నేను కింద నరీన్ పట్నంలో, బాలబడి టీచర్లు కాబోయే ఆడపిల్లలకి పిల్లల మనస్తత్వం పాఠం చెబుతాను. ఎనిమిదో నెల వచ్చేసరికి బిడ్డ కొత్త మొహాన్ని చూసి ఎందుకు ఏడుస్తుందో, తల్లి గది దాటితే దాని లోపల ఏం జరుగుతుందో బోర్డు మీద రాసి వివరిస్తాను. నా కొడుకు ఎనిమిదో నెలలో నన్ను చూసి ఏడ్చాడు. పాఠంలో ఉన్నట్టే, అచ్చంగా.

అత్తయ్య గుడారం వెనక ఎండలో కూర్చుని, వడగట్టిన పెరుగుముద్దని ఉండలు చేసి చాప మీద ఆరబెడుతోంది. అత్తగారి పేరు కోడలు పలకకూడదు మాలో. రాయకూడదని ఎవరూ అనలేదు గాని, రాయబోతే నాకూ చెయ్యి రావడం లేదు. నేను చేతులు కడుక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. మార్చిలో చూసిన మనిషి కాదు. నడుముకి కట్టుకున్న శాలువా రెండు చుట్లు ఎక్కువ తిరిగింది.

"అమ్మాయ్, మొహం మార్చకుండా విను," అంది. "ఉండలు చేస్తూనే విను. మీ మామయ్య చూస్తున్నాడు."

మామయ్య దూరంగా ఆడగుర్రం పక్కన నేలకి ఒక మోకాలు ఆనించి పాలు పితుకుతున్నాడు.

"ఏప్రిల్లో బిష్కెక్ ఆస్పత్రికి పోయానా, అక్కడ కడుపు కోశారు. కోసి చూసి, మళ్ళీ కుట్టేశారు."

"పుండు అన్నారు కదా అత్తయ్యా?"

"అది మీ మామయ్యకి చెప్పిన మాట. మంచు పడేదాకా ఉంటానో ఉండనో."

నా చేతిలో ఉండ మరీ పెద్దదైపోయింది. ఆమె దాన్ని తీసుకుని రెండు చేసింది.

"ఏడవకు. ఏడవాల్సినప్పుడు ఎలాగూ నలుగురి ముందు కూర్చోబెట్టి ఏడిపిస్తారు. ఇప్పుడు పని సంగతి. పిల్లాడు." చేతికంటిన పెరుగు చాప అంచుకి రాసింది. "నువ్వు ఊళ్ళో పిల్లలందరి గురించీ చదివావు. వీణ్ణి నా చేతిలోంచి నీ చేతిలోకి ఎలా మార్చాలో చెప్పు. నొప్పి తెలీకూడదు."

"నొప్పి లేకుండా అవదత్తయ్యా."

"అది చెప్పడానికి కాలేజీ ఎందుకు?"

నాకు తెలిసింది చెప్పాను. ఆమె ఉండగానే వాడు నాకు అలవాటు పడాలని. నేను అన్నం పెట్టేటప్పుడు ఆమె పక్కనే కూర్చోవాలని. వాడు నా దగ్గర కాసేపుండి, బెంగ పుట్టగానే ఆమె దగ్గరికి పరిగెత్తాలని, ఆమె ఒళ్ళోకి తీసుకోవాలని, వాడే మళ్ళీ నా దగ్గరికి రావాలని. తోలకూడదు, మోసం చెయ్యకూడదు. అమ్మ ఎక్కడికీ పోదన్న ధీమా ఉంటేనే వాడు అమ్మని వదిలి నాలుగడుగులు వేస్తాడు.

"నేను పోతాగా," అంది అత్తయ్య.

నేను ఇంకో ఉండ చేసి చాప మీద పెట్టాను.

"ఎన్నాళ్ళు పడుతుంది ఇదంతా?"

"ఏడాది. ఇంకా ఎక్కువే పట్టొచ్చు."

ఆమె చాప నిండా ఆరేసిన ఉండల కేసి చూసింది. "వేసవి ఉంది," అంది.

*

జులై సగందాకా ఆమె నేను చెప్పినట్టే చేసింది. నేను వాడికి స్నానం చేయిస్తుంటే పొయ్యి పక్కన కూర్చునేది. సబ్బు కళ్ళలో పడి వాడు "అమ్మా" అంటే లేచి వచ్చి తుడిచి, మళ్ళీ వెళ్ళి కూర్చునేది. మొదట్లో నేను ముద్ద పెడితే మొహం తిప్పుకునేవాడు. తర్వాత ఆమె వైపు చూసి, ఆమె తలూపితే తినేవాడు. కొన్నాళ్ళకి చూడ్డం మానేశాడు. ఒక పొద్దున బూట్లు పట్టుకుని ఆమెని దాటుకుని నా దగ్గరికే వచ్చాడు, తాళ్ళు కట్టమని. ఆమె టీ పోస్తూ ఆగింది, మళ్ళీ పోసింది.

వర్షం వెలవని ఒక రోజు అందరం గుడారంలోనే ఉన్నాం. నేను రెండు ఒకేలాంటి గిన్నెల్లో కుమిస్, అంటే పులియబెట్టిన గుర్రప్పాలు, సమంగా పోసి వాడి ముందు పెట్టాను.

"దేన్లో ఎక్కువుందిరా?"

"రెండూ అంతే."

ఒక గిన్నెలోది వాడు చూస్తుండగానే పొడుగాటి గాజు సీసాలో పోశాను. "ఇప్పుడో?"

"ఇందులో," అని సీసా చూపించాడు.

మామయ్య జీను కుట్టడం ఆపి తలెత్తాడు. "ఒరే, నీ కళ్ళముందే కదరా పోసింది."

"అయినా ఇది పొడుగ్గా ఉంది."

"మళ్ళీ గిన్నెలో పోస్తే?"

"అప్పుడు తగ్గుతుంది."

అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. మామయ్య నా వైపు తిరిగాడు. "మీ కాలేజీలో చెప్పేది ఇదా? దీనికా నీకు జీతమిచ్చేది?"

"ఈ వయసులో పిల్లలందరూ ఇలాగే అంటారు మామయ్యా. ఏడేళ్ళొచ్చాక వాడికే తెలుస్తుంది, ఎవరూ నేర్పక్కర్లేదు."

"ఏడేళ్ళొచ్చాకా?" అంది అత్తయ్య. నవ్వు ఆగిపోయింది. వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, సీసాలో కుమిస్ వాడి చేతే తాగించింది.

*

జులై చివర్లో మంచు పడింది. మా ఎత్తున అది వింతేమీ కాదు. ఆ చలిలో అత్తయ్య తిన్నది నిలవడం మానేసింది. మామయ్యకి అప్పుడే తెలిసింది. ఇద్దరి మధ్యా ఏం మాటలు జరిగాయో గాని, మర్నాటి నుంచి పాలన్నీ ఆయనే పితికాడు.

అత్తయ్యలో తొందర మొదలైంది. పక్క గుడారం షాకెన్, ఇంకా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి మా గొర్రెల ఉన్నిని కర్రలతో కొట్టి విడదీస్తున్నారు. ఎర్మెక్ కర్ర పట్టుకుని వాళ్ళ మధ్య తిరుగుతూ, "అమ్మా నేనూ కొడతా, అమ్మా చూడు," అంటున్నాడు. అత్తయ్య చేతిలో కర్ర కింద పెట్టింది.

"నేను నీ అమ్మని కాను."

వాడికి ఆటనిపించింది. "మరెవరు?"

"ముసలిదాన్ని. నీ అమ్మ అదిగో."

వాడు నా వైపు చూశాడు. "అది వదిన," అన్నాడు, పాపం ఆమెకి తెలీదేమోనన్నట్టు. ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు. షాకెన్ అయితే కళ్ళు తుడుచుకుంది. అత్తయ్య నవ్వలేదు.

ఆ రోజు నుంచి ఆమె వాణ్ణి పక్కలోకి రానివ్వలేదు. పిలిస్తే పలకడం మానేసింది. వాడు పువ్వు తెచ్చి ఇస్తే పొయ్యిలో వేసింది. అదంతా ఎంత కష్టపడి చేసేదో పక్కనుండి చూసిన నాకు తెలుసు. వాడు అటు తిరగగానే చెయ్యి నోటికడ్డం పెట్టుకునేది.

వాడు నా దగ్గరికి రాలేదు. ఆమెకి మరింత అంటుకుపోయాడు. గౌను అంచు పట్టుకుని వదిలేవాడు కాదు. ఆమె బయటికి వెళ్ళాలంటే వెంటపడేవాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. బూట్లు ఎవరూ కట్టొద్దని విసిరికొట్టేవాడు.

సెలయేటి దగ్గర గిన్నెలు తోముతుండగా ఆమెతో గొడవ పెట్టుకున్నాను.

"ఇలా చెయ్యొద్దన్నానా లేదా? తోసేకొద్దీ పిల్లలు అతుక్కుంటారు. తల్లి కొడితే బిడ్డ ఎక్కడికి పోతాడు? ఆ తల్లి కాళ్ళకే చుట్టుకుంటాడు. భయమేసినప్పుడు పోవడానికి వాడికి ఇంకో చోటు లేదు."

"చోటు నువ్వుండగా లేకపోవడమేంటి?"

"నేనింకా చోటుని కాలేదత్తయ్యా. ఇప్పుడిప్పుడే అవుతున్నాను. మీరు పాడుచేస్తున్నారు."

అంత మాట ఆమెని నేనెప్పుడూ అనలేదు. ఆమె నీళ్ళలోకి చూస్తూ నిదానంగా అంది. "నా మీద అసహ్యం పుట్టాలి వాడికి. నేనంటే గిట్టనివాడు నేను పోతే ఏడవడు. అంతే నాక్కావలసింది. నీ పుస్తకంలో ఏముందో నాకు తెలీదు. గొర్రెపిల్లని పాలు మాన్పించేప్పుడు ఏం చేస్తాం? పొదుగుకి చేదు పూస్తాం."

"వాడు గొర్రెపిల్ల కాదు."

"గొర్రెపిల్లయితే ఇంత బాధెందుకు?" అని గిన్నెలు ఎత్తుకుని వెళ్ళిపోయింది. రెండు చోట్ల ఆగింది, ఊపిరి కోసం.

*

ఆమె వాణ్ణి కొట్టిన రోజు నేను గుడారం గుమ్మంలోనే ఉన్నాను. పొద్దున్నే ఆమెకి నొప్పొచ్చింది. గుడారం దడి పట్టుకుని బయటికి వెళ్ళబోతే వాడు వెనక నుంచి రెండు కాళ్ళూ వాటేసుకున్నాడు. ఆమె తూలింది. తిరిగి చెంప మీద కొట్టింది. గట్టిగా కొట్టలేదు, కొట్టే బలం ఎక్కడుంది? అయినా పుట్టాక వాడి మీద పడిన మొదటి దెబ్బ అది.

"వదులు," అంది.

వాడు వదిలాడు.

ఏడవలేదు. చెంప తడుముకోలేదు. ఆమె బయటికి వెళ్ళింది. వాడు కాసేపు అక్కడే నిలబడి, తర్వాత వెళ్ళి తన చెక్కగుర్రం పక్కన కూర్చున్నాడు. దానితో ఆడలేదు.

ఆ సాయంత్రం పక్కలు పరుస్తుంటే వాడు తన దిండు తెచ్చి నా దిండు పక్కన పెట్టాడు. పడుకున్నాడు. నాలుగేళ్ళు ఎదురుచూసిన దాన్ని కదా, సంతోషం ముంచుకొచ్చింది. వాడి తల వాసన పీల్చుకున్నాను. తర్వాతే చెయ్యి వేసి చూశాను. ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, గుడారం కప్పు వైపు.

అత్తయ్య తన పక్క మీద నుంచి మమ్మల్ని చూస్తోంది. "చూశావా?" అంది మెల్లగా. ఆ గొంతులో గెలుపు ఉందనుకున్నాను ఆ క్షణాన.

ఆ తర్వాత ఎర్మెక్ అంత బుద్ధిమంతుడు ఆ కొండ మీద లేడు. పెట్టింది తినేవాడు. పడుకోమంటే పడుకునేవాడు. పక్క తడపలేదు. షాకెన్ వచ్చి, "ఏం మందు పెట్టావే పెరిజాత్, వీడింత మంచివాడయ్యాడు?" అని నన్నడిగింది. మామయ్య కూడా, "పిల్లలంతే, రెండ్రోజుల్లో మర్చిపోతారు," అన్నాడు, తనకే చెప్పుకుంటున్నట్టు.

కాలేజీలో ఈ పాఠం నేను ఏటా అక్టోబరులో చెబుతాను. తల్లి దూరమైన బిడ్డ మొదట గోల చేస్తుంది, తర్వాత నీరసపడుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది చూసి పెద్దవాళ్ళు బిడ్డ కుదురుకుందనుకుంటారు, మీరు మాత్రం అనుకోకండి, అంటాను. తరగతిలో ఆడపిల్లలు ఆ మాట కింద గీత గీసుకుంటారు.

ఆగస్టు మొదట్లో కుమిస్ కొనడానికి లారీ వచ్చింది. డ్రైవరు కుబాత్ అని, ఎవరో కొత్త మనిషి. అతను క్యానులు ఎక్కిస్తుంటే ఎర్మెక్ నడుచుకుంటూ వెళ్ళి, మెట్టు పట్టుకుని పైకెక్కి, ముందు సీట్లో కూర్చున్నాడు.

"ఏరా బాబూ, నాతో వచ్చేస్తావా?" అన్నాడు కుబాత్ నవ్వుతూ.

"వస్తా."

"మా ఇల్లు చాలా దూరం. కొచ్కోర్ అవతల."

"సరే," అన్నాడు వాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

"మీ అమ్మ ఏడవదూ?"

వాడు సీటు లోపలికి ఇంకాస్త జరిగాడు. అతను నవ్వు మాని మా వైపు చూశాడు. పిల్లాడు ఆట ఆడటం లేదని ఆ పరాయివాడికి కూడా అర్థమైంది. నేను వెళ్ళి దించాను. నా చేతుల్లోకి వచ్చాడు, లారీ ఎక్కినంత తేలిగ్గా.

గుడారం గుమ్మంలో అత్తయ్య పక్క మీద ఒరిగి ఇదంతా చూసింది. "ఎర్మెక్, ఇటు రా," అని పిలిచింది.

వాడు వెళ్ళాడు. రెండడుగుల దూరంలో ఆగాడు.

"ఏం కావాలి, అవ్వా?" అన్నాడు.

పక్క గుడారాల పిల్లలు ఆమెని పిలిచే పిలుపు అది. మర్యాదగానే పిలిచాడు. ఆమె చేతికందిన ఎండుపెరుగు ఉండ తీసి ఇచ్చింది. వాడు పుచ్చుకుని, నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె చెయ్యి చాచింది చాచినట్టే ఉంది.

*

"వాణ్ణి మళ్ళీ దగ్గరికి తీసుకోండి," అని ఆ మధ్యాహ్నమే బతిమాలాను.

"ఇప్పుడు తీసుకుంటే మళ్ళీ మొదటికొస్తాడు. ఏడుస్తాడు."

"ఏడవనివ్వండి. మీ కోసం ఏడవాలి వాడు. ఇన్నేళ్ళు పెంచారు, ఆ ఏడుపు వాడిది. దాన్ని కూడా తీసుకుపోతారా?"

అత్తయ్య కళ్ళు మూసుకుంది. "నేను దాన్ని చంపేశాననుకుంటా అమ్మాయ్," అంది. ఏ 'దాన్ని' అని నేనడగలేదు.

ఆ తర్వాత ఆమె ప్రయత్నించింది. రోజూ వాణ్ణి పక్కన పడుకోబెట్టుకుని తల నిమిరేది, ముద్దుపేర్లతో పిలిచేది. వాడు కాదనలేదు. ఆమె చెయ్యి మీద తల పెట్టి, పడుకోమన్నంతసేపు పడుకుని, లెమ్మంటే లేచేవాడు. ఒక్కసారి మాత్రం, ఆమె మూలిగితే, వాడి చెయ్యి ఆమె గౌను వైపు సగం దాకా వెళ్ళి ఆగింది. నేను చూశాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది, చూడలేదు. పిలిచి చెప్పేలోపు చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

నెలాఖరుకి ముందే గుడారం విప్పి కిందకి ఊళ్ళోకి దిగాం. అత్తయ్యని జీపు వెనక సీట్లో పరుపు వేసి తెచ్చారు. సెప్టెంబరు మొదటివారంలో పోయింది. వేడినీళ్ళు పెట్టుకొస్తానని మామయ్య వంటింట్లోకి వెళ్ళాడు, ఆ కాస్తలోనే.

పెరట్లో గుడారం వేసి ఆమెని అందులో ఉంచారు. మా పద్ధతి ప్రకారం బయట మగవాళ్ళు కర్రల మీద వాలి పెద్దగా ఏడుస్తారు. లోపల ఆడవాళ్ళం గోడకేసి తిరిగి రాగం తీస్తాం. వచ్చిన ప్రతివాళ్ళ కోసం మళ్ళీ మొదలుపెట్టాలి. నా గొంతు పూర్తిగా పోయింది. మక్సాత్ విమానం దిగి వచ్చి, గుమ్మం ఇంకా దూరంలో ఉండగానే అరుస్తూ పరిగెత్తాడు. తాతా నాయనమ్మల దగ్గర పెరిగిన అతనికి ఆమె తల్లో, వదినో, ఆ పూట ఎవరికీ పట్టలేదు.

పిల్లాణ్ణి షాకెన్ ఇంటికి పంపారు. మామయ్య అక్కగారు నన్ను పక్కకి లాగి, "బిష్కెక్ ఆస్పత్రికి పోయిందని చెప్పండి. బొమ్మ తెస్తుందని చెప్పండి. రెండు నెలల్లో మర్చిపోతాడు," అంది. సరేనని తలూపి, షాకెన్ ఇంటికి వెళ్ళాను. వాడు పశువుల పాక దగ్గర ఉన్నాడు.

"ఎర్మెక్, అమ్మ చనిపోయింది."

"బిష్కెక్‌లోనా?"

"బిష్కెక్ వెళ్ళలేదు. మన పెరట్లో గుడారంలో ఉంది. ఊపిరి ఆగిపోయింది. ఇంక లేవదు."

"చలికాలం అయ్యాక?"

"అప్పుడు కూడా."

"నేను పెద్దయ్యాక?"

"లేదు నాన్నా. రాదు."

"వీళ్ళ కుక్క పిల్లల్ని పెట్టింది. చూస్తావా?" అని నా వేలు పట్టుకుని పాకలోకి తీసుకెళ్ళాడు. ఏది కరుస్తుందో, ఏది కరవదో వివరంగా చెప్పాడు.

మట్టి ఇచ్చిన రోజున వాడి మొహం చూసి అందరూ మెచ్చుకున్నారు. ఒక్క కన్నీటి చుక్క లేదు, మగపిల్లాడంటే అలా ఉండాలి, అన్నారు.

*

నలభయ్యో రోజు అయ్యాక మక్సాత్ రష్యా వెళ్ళాడు. మామయ్య ఒంటరిగా ఊళ్ళో ఉండిపోయాడు. నేను ఎర్మెక్‌ని నరీన్ తెచ్చుకుని, కాలేజీ పక్క వీధిలోని బాలబడిలో చేర్చాను. అక్కడ టీచరు ఐసులూ నా దగ్గర చదివిన పిల్లే. వారం తిరక్కుండానే పొంగిపోతూ చెప్పింది.

"మేడమ్, పిల్లలందరూ మీవాడిలా ఉంటే మా పని ఎంత సుఖం. మొదటిరోజు నుంచీ ఏడుపన్నది లేదు. ఎవరొచ్చినా వెళ్ళి ఒళ్ళో కూర్చుంటాడు."

నేను చెప్పిన పాఠంలో ఐసులూకి మంచి మార్కులే వచ్చినట్టు గుర్తు. నవ్వాను.

నవంబరులో ఒక సాయంత్రం కాలేజీలో మీటింగు తెమల్లేదు. నేను వెళ్ళేసరికి బాలబడిలో పిల్లలెవరూ లేరు. వాడు టోపీ, కోటు వేసుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని మామూలుగానే బయల్దేరాడు. వంతెన దాటాక ఆగాడు.

"నా చేతితొడుగు ఒకటి లేదు."

వెనక్కి తిరిగి చూశాను. దారంతా మంచుతో తెల్లగా ఉంది. "పోనీలే, ఇంకోటి కొందాం."

"ఇంకోటొద్దు."

"అలాంటిదే కొందాంలేరా, ఎర్రది."

"అలాంటిదొద్దు. అదే కావాలి." గొంతు మారింది. "అదే కావాలి. అదే."

నేను వంగి భుజం మీద చెయ్యి వేశాను. వాడు ఆ చెయ్యి కొరికాడు. కింద పడి మంచుని కాళ్ళతో తన్నాడు. ఆ చిన్న ఒంట్లోంచి అంత అరుపు వస్తుందని నేననుకోలేదు. అటు పోతున్న ఒకావిడ, "లేపమ్మా, గొంతు పట్టేస్తుంది," అంది. ఆవిడ వెనక పెద్దాయన, "రెండు తగిలిస్తే సరి," అన్నాడు. నేను ఆ మంచులోనే వాడి పక్కన చతికిలబడ్డాను.

"నువ్వెందుకొచ్చావ్?" అని అరుస్తున్నాడు. "అమ్మ రావాలి. అమ్మని రమ్మను. నేను పట్టుకోను. ఇంక పట్టుకోను, రమ్మను."

మొదట నాకు అర్థం కాలేదు.

"పట్టుకున్నానని కొట్టింది. పట్టుకున్నానని పోయింది. ఇంక పట్టుకోను వదినా, చెప్పు, రమ్మని చెప్పు."

ఆ వయసు పిల్లలు లోకంలో జరిగే ప్రతిదానికీ తామే కారణం అనుకుంటారు. అదీ నా పాఠంలో ఉంది. వర్షం పడితే తన వల్లే, ఎండకాస్తే తన వల్లే. ఇన్ని నెలలూ ఈ పిల్లాడు దాన్ని లోపల పెట్టుకుని, ఎవరినీ పట్టుకోకుండా, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వదలమనకముందే వదిలేస్తూ తిరిగాడు, ఆమెని వెనక్కి తెచ్చుకోవడానికి.

"నువ్వు పట్టుకున్నందుకు కాదురా," అన్నాను. "జబ్బు చేసింది. కడుపులో జబ్బు. నువ్వు పట్టుకోకముందే ఉంది. నువ్వు పట్టుకుంటే అమ్మకి ఇష్టం."

"కాదు, కొట్టింది."

"కొట్టింది. కొట్టి తను చాలా ఏడ్చింది. నేను చూశాను."

ఆ మాట నిజమో కాదో నాకు తెలీదు. ఆ రోజు గుడారం వెనక్కి ఆమె వెళ్ళాక ఏం జరిగిందో నేను చూడలేదు. అయినా అబద్ధమని నేననుకోను. వాడు నమ్మలేదు. ఏడుస్తూ నా కోటులో మొహం దాచుకున్నాడు, అది నా కోటు కాబట్టి కాదు, ఎదురుగా ఉంది కాబట్టి. అలా ఎంతసేపు కూర్చున్నామో. వీధి దీపాలు వెలిగాక ఎత్తుకుని ఇంటికి తెచ్చాను. నా కాళ్ళు మొద్దుబారి ఉన్నాయి.

అన్నం తిన్నాక మక్సాత్ ఫోన్ చేశాడు. "వాడెలా ఉన్నాడు?"

"ఏడ్చాడు."

"ఏమైంది?"

"చేతితొడుగు పోయింది."

"అంతేనా?" అని నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగింది. "తొడుగు కోసమేనా, పెరిజాత్?" అన్నాడు.

"కాదు," అన్నాను.

మర్నాడు పొద్దున బాలబడి గుమ్మం దగ్గర వాడు లోపలికి కదల్లేదు.

"నువ్వే వస్తావా సాయంత్రం?"

"నేనే వస్తాను."

"ఆలస్యంగానా?"

"లేదు. మీకు పాలిచ్చిన వెంటనే."

వాడు నా కోటు అంచు గుప్పిట్లో పట్టుకున్నాడు. గట్టిగా, వేళ్ళు తెల్లబడేంత. మొహం నా వైపు లేదు, నేల వైపు ఉంది. దెబ్బ పడుతుందేమోనని భుజాలు పైకి లాగి పెట్టాడు. ఐసులూ గబగబా వచ్చి, "అయ్యో, ఇన్నాళ్ళు బుద్ధిగా ఉండి ఇదేంటి ఎర్మెక్? వదిలేయ్, మేడమ్‌కి క్లాసుంది," అంటూ వాడి వేళ్ళు విప్పబోయింది.

"ఉండనీ," అన్నాను. "వాడే వదులుతాడు."

కాలేజీలో మొదటి గంట కొట్టడం అక్కడికి వినిపించింది. పిల్లలు ఒక్కొక్కళ్ళే మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్ళారు. ఐసులూ తలుపు వేద్దామా వద్దా అన్నట్టు కాసేపు చూసి, తెరిచే ఉంచింది. నేను కదలకుండా నిలబడ్డాను.